మూడు మాత్రలు తక్కువ

గడియారాలు బాగుచేసే కుర్రాడు పత్రిక ఆఫీసుకు వచ్చి మూడు మాత్రలు తగ్గాయనగానే, రిసెప్షన్లో ఆవిడ మెడికల్ షాపు పక్క సందులో ఉందని చెప్పింది. అతను నవ్వలేదు. లోపలికి వెళ్ళి, పిల్లల పేజీ చూసే సబ్‌ఎడిటర్ ముందు ఆ వారం సంచిక పరిచాడు.

"ఈ పాటలో నేను రాసింది 'మెల్ల మెల్ల నడిచి రమ్ము, చల్ల చల్ల గాలి తెమ్ము' అని. మీరు ఓ మెల్ల, ఓ చల్ల తీసేశారు."

ఆ అమ్మాయికి తప్పేమీ కనిపించలేదు. రెండో అక్షరం ప్రాస చెడలేదనీ, చివర రమ్ము, తెమ్ము చక్కగా కలిశాయనీ, చెప్పిందే చెబితే ఎవరైనా కోసేస్తారనీ గడగడా చెప్పింది. అతను టేబుల్ మీద వేలితో కొట్టి చూపించాడు. మూడేసి మాత్రలు నాలుగుసార్లు, పాదానికి పన్నెండు. కోశాక తొమ్మిదే. కింది రెండు పాదాలు మాత్రం పన్నెండుతోనే నడుస్తున్నాయి. ఆమె కూడా కొట్టి చూసింది. లయ నిజంగానే కుంటుతోంది.

"సారీ. కానీ మూడు మాత్రలకే ఇంత కోపమా?"

"మా చెల్లికి నత్తి. 'మె' దగ్గర ఆగిపోతుంది. మాట రెండుసార్లొస్తే ఆ ఊపులో దాటేస్తుంది, అందుకే అలా రాశా. శనివారం స్కూల్లో చదవాలి. ఇప్పుడేమో అచ్చులో ఉన్నదే కరెక్టంటుంది, అది తనకి రాదంటుంది, స్టేజీ ఎక్కనంటుంది."

ఆమె ముఖం చిన్నబోయింది. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి, తప్పు తనదేనని ఆ పిల్లకు చెప్పింది. పక్కన చతికిలబడి చప్పట్లు కొడుతూ నాలుగు పాదాలూ చదివించింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పాటకు అరగంట పడితే, అన్నగారితో వాదనకు గంట పట్టేది. ఆమె పెట్టిన హెడ్డింగులకు అతను మాత్రలు లెక్కగట్టి ఏడిపించేవాడు. ప్రాస కోసం అతను వంకర తిప్పిన మాటలు ఆమె ఏరి చూపించేది. వాళ్ళమ్మ వంటింట్లోంచి అన్నీ వింటూనే ఉంది.

శనివారం ఆ పిల్ల మొదటి 'మెల్ల' దగ్గర కాసేపు ఆగింది. కింద కూర్చున్న అన్నా, సబ్‌ఎడిటరూ ఒళ్ళో వేళ్ళతో తాళం వేశారు. అంతలో రెండో మెల్ల అందుకుని, చివరిదాకా చదివేసి, నవ్వుతూ దిగింది.

బయట సన్నగా వాన. స్కూలు వరండాలో అతను ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"రేపట్నుంచి మీకు మా ఇంట్లో పనుండదు."

"పనుంటేనే రావాలా?"

"అక్కర్లేదు. అసలు వచ్చాక వెళ్ళకుండా ఉంటే బాగుంటుందని నాకుంది."

ఆమె చూరు కింద చెయ్యి చాపి చినుకులు పట్టింది. "నాకూ ఉంది," అంది.

కూతురి పాట వినడానికొచ్చి వెనక నిలబడ్డ అతని తల్లి గొడుగు విప్పి ఆమె చేతికిచ్చింది. "మీ అమ్మగారు రేపు ఇంట్లో ఉంటారామ్మా? నేనొచ్చి మాట్లాడతాను. వీడి వల్ల కాదు."