నాలుగంటే నాలుగే

దర్జీ అమ్మాయికి మంచు మీద కోపం లేదు. రైలు మీద కూడా లేదు. కురవడం మంచు పని. చలికాలంలో మధ్యదారిలో ఆగిపోవడం రైళ్ళ పని. ఆమె కోపమంతా ఎదురు సీట్లో కాలు మీద కాలేసుకుని, కిటికీ అద్దం మీద ఆవిరి తుడుస్తూ, "ఇంకెంత, కదిలిపోతుంది" అంటున్న మనిషి మీద.

"బావగారూ, ఆ మాట ఇంకోసారి అన్నారంటే నేను దిగి నడుచుకుంటూ వెళ్ళిపోతాను."

"ఈ మంచులోనా?"

"మీ రైలు కన్నా ముందే చేరతాను."

"నా రైలేంటండీ! నేనేమన్నా కొనుక్కున్నానా?"

"టైంటేబుల్ మీదే కదా!"

నిజంగానే ఆయనదే. రైల్వే ఆఫీసులో పెద్ద బల్ల ముందు కూర్చుని, ఏ రైలు ఎక్కడ ఎంతసేపు ఆగాలో, ఏది దేనికి దారి ఇవ్వాలో గీతలు గీసి తేల్చడం ఆయన ఉద్యోగం. ఈ చలికాలపు టైంటేబుల్ మొత్తం ఆయన చేతుల మీదుగానే బయటికి వెళ్ళింది. ఇంట్లో అందరూ ఆయన్ని 'టైంటేబుల్' అనే పిలుస్తారు. ఆమె మాత్రం మర్యాదకి బావగారు అంటుంది. ఆమె అక్కని చేసుకోబోతున్నది ఆయన తమ్ముడు కాబట్టి వరస అలా కుదిరింది.

ఈ తిప్పలన్నీ ఆ పెళ్ళి కోసమే. పెళ్ళి నేల మీద చేసుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ సముద్రం మీద మనసైంది. క్రూజ్ షిప్ ఈ సాయంత్రం రేవు వదులుతుంది. రేపు సాయంత్రం నడిసముద్రంలో పెళ్ళి. రెండు వైపుల వాళ్ళూ నిన్ననే బస్సులో రేవుకి చేరిపోయారు. దర్జీ అమ్మాయి ఒక్కతే ఆగిపోయింది, ఎందుకంటే ఆఖరి క్షణంలో పెళ్ళికూతురికి గౌను చేతులు నచ్చలేదు. అక్క మొహం చిన్నబోతే చూడలేని మనిషి కనక, తిట్టుకుంటూనే చేతులు విప్పి మళ్ళీ కుట్టింది. ఆ గౌను ఇప్పుడు పొడవాటి అట్టపెట్టెలో ఆమె ఒళ్ళో ఉంది.

సూది పట్టడం వచ్చినప్పటి నుంచీ అక్క ఒంటి మీద పడ్డ ప్రతి మంచి గుడ్డా ఆమె కుట్టిందే. రేపు అక్క ఏదో అద్దె గౌనులో, పక్కన చెల్లెలు లేకుండా పెళ్ళి చేసుకుంటే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె అట్టపెట్టెని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటోంది.

"ఆడపిల్లని ఒక్కదాన్నే ఎలా వదిలేస్తాం? నేను తోడుంటాను. రైల్లో హాయిగా తీసుకొచ్చేస్తాను" అని ముందుకొచ్చింది టైంటేబులే. చలికాలం రైళ్ళని నమ్ముకోవద్దని పిన్ని నెత్తీ నోరూ కొట్టుకుంది. ఎవరు విన్నారు?

బోగీలోకి టికెట్ కలెక్టర్ వచ్చాడు. భుజాల నిండా మంచు.

"ముందు పట్టాలు మారే చోట గడ్డకట్టేసిందండీ. కరిగిస్తున్నారు."

"ఎంతసేపు పడుతుంది?" అంది ఆమె.

"కరిగేదాకా" అని ఆయన తాపీగా వెళ్ళిపోయాడు.

పక్క సీటులో మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన ఒకరు అప్పటిదాకా ఓపిక పట్టారు. ఇక పట్టలేకపోయారు. "అసలు ఈ టైంటేబుల్ రాసినవాడు నా చేతికి చిక్కాలి! వెచ్చగా హీటర్ పక్కన కూర్చుని రాసుంటాడు. వాణ్ణి తెచ్చి ఈ బోగీలో పడెయ్యాలి, అప్పుడు తెలుస్తుంది!"

బోగీ అంతా అవునవునంది. టైంటేబుల్ కోటు కాలర్ చెవుల దాకా లేచింది.

దర్జీ అమ్మాయికి ప్రయాణం మొదలయ్యాక మొదటిసారి కాస్త ఉత్సాహం కలిగింది. ముందుకు వంగి గుసగుసగా అడిగింది. "చెప్పమంటారా?"

"ఏం చెప్తారు?"

"ఆ మహానుభావుడు ఇక్కడే ఉన్నాడని."

"బతిమాలుతున్నానండీ. ఆయన చేతిలో ఆ గొడుగు చూడండి ఎంత లావుందో!"

ఆమె పెద్దాయన వైపు తిరిగింది. టైంటేబుల్ ఆ గొడుగు వైపే చూస్తున్నాడు.

"పోనీలెండి పెద్దాయనా," అంది, "పాపం ఆ మనిషి కూడా ఎక్కడో చలిలో ఇరుక్కుపోయి తిట్లు తింటూనే ఉంటాడు."

"తినాలి!" అన్నారు పెద్దాయన తృప్తిగా.

టైంటేబుల్ కాలర్ దించి ఆమె వైపు చూశాడు. థాంక్స్ అని నోటితో అనలేదు. కళ్ళతో అన్నాడు. ఆమె చూపు తిప్పేసుకుంది. ఈ మనిషికి కళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి, బుర్రే లేదు అనుకుంది.

అంతా అక్కడితో సద్దుమణిగేదే. కానీ పెద్దాయన ఊరుకోలేదు. "ఇంతకీ ఇది రేవుకి ఎన్నింటికి చేరాలండీ?"

"నాలుగున్నరకి" అన్నాడు టైంటేబుల్, అలవాటు కొద్దీ ఠక్కున.

దర్జీ అమ్మాయి మెడ మెల్లగా తిరిగింది.

"ఎన్నింటికి?"

"నాలుగు..." అని ఆయన ఆగిపోయాడు.

"రేవులో గేటు నాలుగింటికే మూసేస్తారని చెప్పాను కదా! అంటే ఈ రైలు ఆగకుండా వచ్చినా మనకి ఓడ దొరకదా?"

"అది కాదండీ, ఓడ కదిలేది ఐదున్నరకి కదా..."

"కదిలేది ఐదున్నరకి! గేటు మూసేది నాలుగింటికి! మీకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను!"

"చెప్పారు. కానీ... మీరు చెప్పే నాలుగు కదా అని..."

"నేను చెప్పే నాలుగంటే? నా నాలుగు వేరేగా ఉంటుందా?"

టైంటేబుల్ తను వేసుకున్న కోటు వైపు చూపించాడు. పెళ్ళి కోసమని ఆమె దగ్గరే కుట్టించుకున్న కోటు. "దీని కోసం వస్తే 'రేపు రండి' అన్నారు. రేపు వెళ్తే మళ్ళీ రేపు. ఆ తర్వాత ఇంకో రేపు. దర్జీ షాపులో చెప్పే టైం ఎప్పుడూ అసలు టైం కన్నా ముందే ఉంటుందని అర్థమైంది. మా ఆఫీసులో కూడా అంతేనండీ, ఎవరైనా టైం చెప్తే దానికి కాస్త కలుపుకునే గీత గీస్తాం. అందుకే మీ నాలుగుని ఐదుగా వేసుకున్నాను."

"మరి పొద్దున ఇంకో రైలు లేదా?"

"ఉంది. మీరు రాత్రంతా కుట్టి ఉంటారు, కాస్త పడుకుంటారని దీనికి టికెట్లు తీశాను."

మామూలుగా అయితే ఆమె నోటికి అడ్డు లేదు. కానీ ఇప్పుడు కిటికీ వైపు తిరిగిపోయింది.

ఎందుకంటే కోటు మొదటి రోజే అయిపోయింది. గుండీలతో సహా కుట్టేసి, ఇస్త్రీ చేసి, తెర వెనక తగిలించింది. సాయంత్రం షాపు కట్టేసే వేళకి ఆయన వచ్చేవాడు. 'ఇంకా గుండీలు కుట్టలేదు, రేపు రండి' అంటే విసుక్కోకుండా బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చునేవాడు. మంచులో ఏ రైలుని ముందు పంపాలి, ఏ రైలుని ఆపాలి అని చెప్పుకుపోయేవాడు. ఆమెకి రైళ్ళ సంగతి అక్కర్లేదు. వినడం మాత్రం కావాలి. అందుకని మళ్ళీ రేపు.

ఈ సంగతి ఇప్పుడు చెప్పడమా? చచ్చినా చెప్పదు. అందుకే మరింత గట్టిగా అరిచింది. "నాలుగంటే నాలుగే! ఇంకేం మాట్లాడకండి నాతో!"

ఆయన కాలర్ మళ్ళీ చెవుల దాకా లేచింది. రైలు మాత్రం చాలాసేపటి దాకా కదల్లేదు.

రేవులో దిగి ఇద్దరూ పరుగో పరుగు. అట్టపెట్టెకి ఒక కొస ఆమె, ఇంకో కొస ఆయన. జారే మెట్లు, జారే రోడ్డు. టెర్మినల్ తలుపు దగ్గరికి చేరేసరికి లోపల దీపాలు ఒక్కొక్కటే ఆర్పేస్తున్నారు. అద్దాల వెనక యూనిఫాం వేసుకున్న ఆవిడ చేతులు అడ్డంగా ఊపింది.

టెర్మినల్ చుట్టూ తిరిగి రేవు గోడ చివరికి పరిగెత్తారు. ఓడ అప్పుడే గట్టు వదిలింది. మధ్యలో నల్లటి నీళ్ళు, చూస్తుండగానే వెడల్పవుతున్నాయి. పై అంతస్తులో కమ్మీ పట్టుకుని వరసగా నిలబడ్డది మన వాళ్ళే.

ఆమెకి ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు, దాచుకునే ఓపిక లేదు. ఫోన్ మోగితే స్పీకర్ నొక్కి "అక్కా..." అని భోరుమంది.

అవతల అక్క కూడా ఏడుస్తోంది. "గౌను పోతే పోయిందే! నువ్వు లేకుండా నాకు పెళ్ళేంటి?"

మధ్యలో పెళ్ళికొడుకు ఫోన్ లాక్కున్నాడు. "ఇద్దరూ ఏడుపాపండి! కనుక్కున్నాను. రేపు మధ్యాహ్నం ఓడ పక్క రేవులో ఆగుతుంది. అక్కడ ఎక్కనిస్తారంట. ఈ రాత్రికి ఎలాగోలా బయల్దేరి వచ్చెయ్యండి."

ఆ తర్వాత వినిపించింది అత్తయ్యగారి గొంతు, అంటే పెళ్ళికొడుకు తల్లి. "ఒరే టైంటేబుల్! నీ టైంటేబుల్ తగలెయ్య! పొద్దున ఇంకో రైలు ఉందటగా? ఎందుకెక్కలేదురా?"

దర్జీ అమ్మాయి చటుక్కున ఆయన వైపు చూసింది. ఇప్పుడు చెప్పేస్తాడు. 'ఆవిడ ఎప్పుడూ రేపు అంటుంది కాబట్టి' అంటాడు.

"తప్పంతా నాదేనమ్మా" అన్నాడాయన. "గేటు ఎన్నింటికో ఈవిడ సరిగ్గానే చెప్పారు. నేనే సరిగ్గా చూసుకోలేదు. ఆవిణ్ణేమీ అనకండి."

అంతే. కోటు మాట ఎత్తలేదు. దర్జీ షాపు మాట ఎత్తలేదు. అవతల అమ్మా, తమ్ముడూ, పిన్నీ వంతులేసుకుని దులిపేస్తుంటే, ముక్కు ఎర్రబడి, జుట్టు నిండా మంచుతో, తల వంచుకుని నిలబడ్డాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఈసారి తన మీద తనకే.

"ఎందుకు అన్నీ మీద వేసుకుంటారండీ! కోటు మొదటి రోజే అయిపోయింది!"

ఆయనకి అర్థం కాలేదు. "ఏ కోటు?"

"మీరు వేసుకున్నది! మొదటి రోజే కుట్టేశాను. ఊరికే రేపు రండి, రేపు రండి అన్నాను."

"ఎందుకు?"

"ఎందుకా! దేశంలో ఏ రైలు ఎక్కడ ఏ రైలుని కలుస్తుందో చెప్తారు, ఇది తెలీదా? మీరు మళ్ళీ రావాలని!"

ఆయన తల ఎత్తి ఒక అడుగు దగ్గరికొచ్చాడు. "నాకు బస్సులో సీటు ఉందండీ. వదిలేసుకున్నాను. తోడు రావడం మర్యాద కోసం కాదు. మీరంటే నాకు... మీ షాపు నుంచి ఇంటికెళ్తే మళ్ళీ సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉండేది."

ఫోన్‌లోంచి ఒక్కసారిగా ఈలలు, కేకలు. స్పీకర్ ఆన్‌లోనే ఉన్న సంగతి ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.

"ఓరి మీ ఇల్లు బంగారం కానూ!" అంది అత్తయ్య. "ఇదంతా ఆ షాపులోనే చెప్పుకుని చావొచ్చు కదరా! ఓడ పోగొట్టుకుని మరీ చెప్పుకోవాలా? అమ్మాయ్, వాణ్ణి నమ్ముకుంటే ఇంకో ఏడాది నాన్చుతాడు. నేనే అడుగుతున్నా, మా ఇంటికి వస్తావా? తొందరగా చెప్పు తల్లీ, సిగ్నల్ పోతోంది!"

"అమ్మా! నేను అడుగుతాను!" అని అరిచాడు టైంటేబుల్. ఆమె వైపు తిరిగాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"ఏమందే? ఏమందిరా? వినపడ..." ఓడలో అందరూ ఒకేసారి అరుస్తుండగానే ఫోన్ కట్టయిపోయింది.

ఆమె కళ్ళు తుడుచుకుని, అట్టపెట్టె చంకలో సర్దుకుంది.

"ముందు నన్ను మా అక్క దగ్గరికి చేర్చండి. అక్క పెళ్ళికి నేను ఉంటే అప్పుడు చెప్తాను."

"చేరకపోతే?"

"చేరకపోతే మీ మొహం చూడను."

"మళ్ళీ రైలేనండీ. ఈ మంచులో బస్సులన్నీ ఆపేశారట."

"తెలుసు. నడవండి."

ఆ ప్రయాణంలో దర్జీ అమ్మాయి నిద్రపోయింది. విసుగూ, చిరాకూ, కోపమూ మొత్తం ఆయనకి అప్పగించేసి హాయిగా నిద్రపోయింది. రైలు ఆగిన ప్రతిచోటా ఆయన తలుపు దగ్గరికి పరిగెత్తి, సిగ్నల్ వైపు చూసి, "ఎందుకాపారండీ? ఎవరండీ ఈ టైంటేబుల్ రాసింది?" అని టికెట్ కలెక్టర్ మీద ఎగిరాడట. ఆ సంగతి ఆమెకి పొద్దున టికెట్ కలెక్టరే చెప్పాడు.

మధ్యాహ్నం పక్క రేవులో గట్టు మీద ఇద్దరూ నిలబడ్డారు. మంచు ఆగి కాస్త ఎండ వచ్చింది. ఓడ మెల్లగా దగ్గరికొస్తుంటే కమ్మీల దగ్గర తోసుకుంటూ నిలబడ్డ మనవాళ్ళు కనిపించారు. గౌను తెచ్చావా అని ఎవరూ అడగలేదు. అత్తయ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, రేవంతా వినపడేలా అరిచింది.

"ఏమందిరా?"

"ఇంకా చెప్పలేదమ్మా!" అని టైంటేబుల్ ఏడవలేక అరిచాడు.

"ఏం చెప్పావే?" అని ఈసారి అక్క.

గట్టు మీద కూలీలు, కస్టమ్స్ వాళ్ళు, టాక్సీ వాళ్ళు అందరూ పని ఆపి ఆమె వైపు చూశారు. దర్జీ అమ్మాయి సిగ్గుపడదామా అని ఒక్క క్షణం ఆలోచించింది. ఓడకి వినపడేలా చెప్పాలంటే సిగ్గు కుదరదు. గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"చేసుకుంటానక్కా!"

పక్కన టైంటేబుల్ అక్కడే మంచులో చతికిలపడ్డాడు. ఆమె చెయ్యిచ్చి లేపింది. పైకి లేచాక కూడా ఆయన ఆ చెయ్యి వదల్లేదు, ఆమె వదలమనలేదు.