పేడచెరువుకి ప్రాణమున్న మూత

పెంచలయ్య లోపలి నుంచి భుజంతో ఇంకోసారి నెట్టాడు. కంట్రోల్ రూము తలుపు కాస్త సాగినట్టే సాగి, మళ్లీ వెనక్కి తోసింది.

"పొర పట్టేసింది మేడమ్."

ఆ పొర సంగతి చెప్పాలి. వెనకటికి పేడంటే పిడకలకీ, పొలానికీ, అరుగు అలకడానికీ చాలేది కాదు. కోడళ్లు పోట్లాడుకునేవాళ్లు కూడా. ఇరవై వేల గేదెలు ఒక్క డెయిరీలో చేరాక అదే పేడ చెరువైంది. దాని గ్యాస్‌కి చుట్టుపక్కల ఊళ్లు కిటికీలు తెరవడం మానేశాయి. అప్పుడు డాక్టర్ నళిని ఒక బాక్టీరియాని పెంచింది. తడిపేడ ఎక్కడుంటే అక్కడికి పాకి, దాన్ని తింటూ, పైన తోలులా కప్పేస్తుంది. కోస్తే అతుక్కుంటుంది.

"చెరువు దాటి ఇక్కడికెందుకొచ్చింది?" అంది నళిని.

పెంచలయ్య తల గోక్కున్నాడు. "కొత్త రూములో మీరు అడుగుపెడుతున్నారని కళ్లాపి చల్లాను. చెరువులోదే, చిక్కగా. బకెట్టు దారంతా కారింది."

గ్యాస్ రాకూడదని సందు లేకుండా కట్టిన గది అది. గాలి గొట్టాన్నీ పొర మూసేసింది. నిప్పురవ్వ భయంతో ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. బయటి కెమెరా బొమ్మ మాత్రం స్క్రీన్ మీద కనబడుతోంది. పనివాళ్లు గడ్డపారలతో పొడిచిన చోటల్లా పొర మళ్లీ పూడుకుపోతోంది.

"ఊపిరి సరిపోతుందా మేడమ్?"

"సాయంత్రం దాకా. నువ్వు చల్లింది కొంచెమే కదా, అది తినేశాక పొర ఎండి రాలిపోతుంది. మాట్లాడకుండా కూర్చో."

"మా ఆవిడా పెళ్లయిన కాడి నుంచి అదే చెప్తా ఉంది."

మధ్యాహ్నానికి పొర అంచులు ముడుచుకున్నాయి. తలుపు కింద వెలుగు గీత పడింది. నళిని నేల మీద పడుకుని ఆ సందుకి ముక్కు ఆనించింది. చల్లటి గాలి!

"మా చెంగమ్మ!" అన్నాడు పెంచలయ్య స్క్రీన్ చూసి.

భార్య తలస్నానం చేసి వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. చేతిలో బకెట్టు. అతని మొహంలో నవ్వు ఆగిపోయింది.

"మగోడు కళ్లాపి చల్లితే కీడంటుంది మేడమ్. సరిచెయ్యడానికొచ్చింది."

ఆమె గడపకి దణ్ణం పెట్టి, దోసిలి నిండా తీసి చల్లింది.

"వద్దే! చెంగమ్మా, వద్దే!" ఇద్దరూ తలుపు బాదారు.

ఆ చప్పుడు వినబడినట్టుంది. చెంగమ్మ మొహం వెలిగింది. వెనక్కి తిరిగి, త్వరగా రమ్మని చెయ్యి ఊపింది. ఊరి ఆడవాళ్లు తలా ఒక బకెట్టుతో పరుగెత్తుకొస్తున్నారు.