ఎడమచేతి పీటర్

"దొంగ పతకంతో ఒకడొస్తాడు. పోలెండు రాయబారి వైన్‌లో విషం కలుపుతాడు. గేటు దగ్గరే పట్టుకో."

రోమ్‌లో, పదహారు వందల ఎనభై మూడు జూన్‌లో, చర్చి పెద్ద మాన్సిన్యోర్ బల్దెస్కి ఇచ్చిన బ్రీఫింగ్ అంతే.

"మనిషి ఎలా ఉంటాడండీ?" అన్నాడు ఏజెంట్ ఒత్తావియో.

"అది తెలిస్తే నువ్వెందుకు?"

సెయింట్ పీటర్, పౌలు పండుగకు పోప్‌గారు పంచిన కంచు పతకమే ఈ విందుకు పాసు. రాయబారి వైన్ ముందుగా రుచి చూడాల్సింది ఒత్తావియో సొంత తమ్ముడు తుల్లియో. విషం పడితే మొదట పోయేది వాడే.

గేటు దగ్గర సన్యాసి వేషంలో ఒత్తావియోకు ఒళ్ళంతా దురద. చేతిలో భూతద్దం, అంగీ చేతి మడతలో బుల్లి త్రాసు. నలభై పతకాలు తూచాడు. అన్నీ ఒకే బరువు. అన్నిటి మీదా తాళంచెవులతో పీటర్, దీవిస్తూ ఎత్తిన చెయ్యి. ఒత్తావియోకు ఏడుపొక్కటే తక్కువ.

కౌంటెస్ లవీనియా వచ్చింది. పొద్దున ఈ కుట్ర పన్నిన ఫ్రెంచి ముఠా మనిషి, మధ్యాహ్నం మన మనిషి.

"చేపలు పడ్డాయా?"

"వల చిరిగింది," కోడ్ విసుగ్గా అప్పజెప్పాడు. "పేరు చెప్పు తల్లీ!"

"నాకూ చెప్పలేదు. దొంగ పతకం అచ్చు మాత్రం హడావిడిగా చెక్కించారట. అక్షరాలు తిరగేసి చెక్కడానికే ప్రాణం పోయిందట."

"అక్షరాలు బాగానే ఉన్నాయి! అన్నీ బాగానే ఉన్నాయి! అదే నా ఖర్మ!"

ఆమె నవ్వుతూ లోపలికెళ్ళింది. వెనకే ఒక లావుపాటి మఠాధిపతి వచ్చాడు. అతని పతకమూ సరిగ్గానే తూగింది. పంపేశాడు.

ఇంతలో ఒక ముసలమ్మ మోకరిల్లింది. కుడిచేతిలో భూతద్దం ఉందని ఎడమచెయ్యి ఎత్తాడు.

"ఏం ఫాదర్, ఎడమచేత్తో దీవిస్తావా? అదీ పీటర్‌గారి పండుగ పూట!"

ఒత్తావియోకు మఠాధిపతి పతకం గుర్తొచ్చింది. దాంట్లో పీటర్ ఎత్తింది ఎడమచెయ్యి, మిగతా అన్నిట్లో కుడిచెయ్యి! అచ్చులో అన్నీ తిరగేసి చెక్కాలి. ఆ తొందరలో అక్షరాలు తిరగేసినవాడు పీటర్‌ను మాత్రం చూసింది చూసినట్టు చెక్కేశాడు.

"పీటర్‌ది ఎడమచెయ్యైతే దొంగ పతకం!" అని గేటు కాపలావాడికి అరిచి చెప్పి లోపలికి పరుగెత్తాడు. తుల్లియో అప్పటికే కప్పు పెదవులకు ఆనిస్తున్నాడు. ఒత్తావియో త్రాసు విసిరాడు. కప్పు ఎగిరిపడింది. పారిపోబోయిన మఠాధిపతికి లవీనియా కాలు అడ్డం పెట్టింది.

"పిచ్చా అన్నయ్యా? కొత్త చొక్కా!" అని అరిచాడు తుల్లియో. ఒత్తావియో వాణ్ణి గట్టిగా వాటేసుకుని ఏడ్చాడు.

మఠాధిపతి చేతిలోని పతకం లాక్కుని, వాణ్ణి బయటి సైనికులకు అప్పగించేసరికి ఆకలి దంచేస్తోంది. విందుకని తిరిగొస్తే గేటు దగ్గర కాపలావాడు చెయ్యి చాచాడు.

"పతకం?"

చేతిలో ఉన్న ఒకే ఒక్కటి ఇచ్చాడు. కాపలావాడు దాన్ని ఎండలో తిప్పి చూశాడు.

"ఎడమచెయ్యి. బయటే నిలబడు ఫాదర్."