ఒక్క లీటరు చాలు

యుయె-చిన్‌కి వారానికి ఒకటే సెలవు. ఆ రోజు పొద్దున్నే బస్సెక్కి లుకాంగ్‌లోని పుట్టింటికి రావడం, దారిలో అమ్మకి సన్న సేమ్యా జావ కట్టించుకోవడం ఆమెకి అలవాటు. తైచుంగ్‌లో ఊపిరితిత్తుల వార్డులో నర్సు. వారమంతా ఎవరెవరి అమ్మలకో ఆక్సిజన్ పెట్టి, ఆ ఒక్క పూటా సొంత అమ్మ దగ్గర కూర్చునేది.

"ఇవాళ మిరియాలు కాస్త దండిగా వెయ్యక్కా. నాలిక చచ్చిపోయిందని మా అమ్మ ఒకటే గోల" అని జావ అమ్మే ఆవిడకి చెప్పి, వేడి డబ్బా పట్టుకుని సందులోకి తిరిగింది.

అమ్మ సియు-చూ బతుకంతా అగరొత్తులు చుట్టిన మనిషి. ఆ చెక్కపొడీ, ఆ పొగా పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గుల్లయిపోయాయి. ముక్కుకి గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను వచ్చి చేరాయి. ఇప్పుడు ఆ అగరొత్తుల పని అన్నయ్య మింగ్-కున్ చేస్తున్నాడు. ఈపాటికి వాకిట్లో అగరొత్తుల కట్టలు గుండ్రంగా విప్పి ఎండకి పెట్టి ఉండాలి. వాకిలి బోసిగా ఉంది. వాన మబ్బు కూడా లేదు, ఈ అన్నయ్యకి బద్ధకం ఎక్కువైంది అనుకుంది.

గుమ్మం దాటగానే నిలబడిపోయింది. ముందు హాల్లో దేవుడి విగ్రహాల మీదా, గతించిన పెద్దల పేర్లున్న పలక మీదా ఎర్రగుడ్డ కప్పేశారు. టీ బల్ల గోడకి నెట్టేశారు. నడిమధ్యన రెండు బెంచీల మీద చెక్కలు పరిచి, చాప వేసి, అమ్మని వెల్లకిలా పడుకోబెట్టారు. ఆ ఏర్పాటు ఎందుకో ఆ ఊళ్ళో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. పోయే మనిషి లోపలి గదిలో పోకూడదు, చావు దేవుళ్ళ కంట పడకుండా గుడ్డ కప్పి, పెద్దలుండే ఆ ముందు హాల్లోనే కన్నుమూయాలి.

"వదినా! ఏమిటిదంతా?"

వదిన పావ్-చు కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "మొన్న జలుబు చేసి ఆయాసం ఎక్కువైందమ్మా. నిన్న నిద్రపోయింది, మరి లేవలేదు. పిలిస్తే ఊఁ అంటుంది, మళ్ళీ అంతే. మీ మావయ్య వచ్చి చూసి, ఇంక హాల్లోకి మార్చెయ్యండి అన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

లోపల్నించి అన్నయ్యే జవాబిచ్చాడు. "చెప్తే ఏం చేస్తావ్? ఆసుపత్రికి ఈడ్చుకుపోతావ్. అందుకే చెప్పలేదు. నోట్లో గొట్టం పెట్టించుకుని పరాయి చోట పోనురా అని అమ్మ నా చేత మాట తీసుకుంది. నీ చేత కాదు, నా చేత."

యుయె-చిన్ జావ డబ్బా కింద పెట్టి అమ్మ చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది. బుగ్గలు కందగడ్డల్లా ఎర్రబడ్డాయి. మణికట్టు ఎత్తి పట్టుకుంటే వేళ్ళు తపతపా కొట్టుకుంటున్నాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది. అప్పుడు మిషను వైపు చూసింది. ఒక లీటరు దగ్గర ఉండాల్సిన మర ఐదు మీద ఉంది.

"దీన్ని ఎవరు తిప్పారు?"

"నేనే" అన్నాడు మింగ్-కున్, ఏదో ఘనకార్యం చేసినట్టు. "ఆయాసపడుతుంటే గుడ్లప్పగించి చూడమంటావా? నువ్వేమో ఒకటి పెట్టి పోయావ్. ఒకటీ! కన్నతల్లికి గాలి దగ్గర కూడా పిసినారితనమేనా? ఐదు పెట్టాక హాయిగా పడుకుంది. ఇదిగో, రక్తంలో గాలి కొలిచే ఈ వేలి మిషను చూడు, తొంభై ఎనిమిది! నీ చేతుల్లో ఏనాడైనా తొంభై రెండు దాటిందా?"

"ఆ తొంభై ఎనిమిదే ముంచింది అన్నయ్యా!" అంటూ మర మీద చెయ్యి వేసింది. మింగ్-కున్ ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టేసుకున్నాడు.

"అమ్మ ఊపిరి తీసేస్తావా? నా కళ్ళ ముందే?"

కుర్చీలోంచి ఆ-షుయ్ మావయ్య లేచాడు. అమ్మకి స్వయానా అన్న. అక్కడ తల్లి చావుబతుకుల విషయంలో మేనమామ మాటకి తిరుగుండదు. ఆయన ఒప్పుకోనిదే శవపెట్టె మూత కూడా వెయ్యరు.

"అమ్మాయ్, నువ్వు పెళ్ళయి ఇంకో ఇంటి మనిషివయ్యావు. ఈ ఇంటి సంగతి కొడుకు చూసుకుంటాడు. గాలి తగ్గించి తల్లిని చంపిందన్న పేరు జన్మంతా మోస్తావా?"

"మోస్తాను మావయ్యా. బతికిందన్న పేరు వచ్చేదాకా మోస్తాను." యుయె-చిన్ చెయ్యి మర మీంచి తియ్యలేదు. "ఆఖరి ఊపిరి ఎలా ఉంటుందో నాకు చెప్పకండి. ఇంట్లోనే పోవాలన్న వాళ్ళని అంబులెన్సులో, ఊపిరి ఆడించే గాలితిత్తి ఈ చేతుల్తో నొక్కుకుంటూ, ఎంతమందిని ఇళ్ళకి చేర్చానో మీకు తెలీదు. హాల్లో దింపి, మీ ఇల్లొచ్చింది నాన్నా అని చెవిలో చెప్పాకే చెయ్యి తీసేదాన్ని. ఈ ఆచారం నాకేం చేదు కాదు. కానీ పోయేవాళ్ళ చేతులు చల్లబడతాయి. అమ్మ చెయ్యి పట్టుకుని చూడండి. ఇది చావు కాదు, మత్తు!"

"గాలి ఎక్కువైతే మత్తేమిటే?" అన్నాడు అన్నయ్య.

"అమ్మ ఊపిరితిత్తులు మనలాంటివి కావు. తక్కువ గాలితో నెట్టుకురావడం ఏళ్ళ తరబడి అలవాటు చేసుకున్నాయి. అమితంగా పోస్తే ఊపిరాడ్డం మందగిస్తుంది, చెడుగాలి లోపలే పేరుకుంటుంది. దాంతో మెదడు మొద్దుబారిపోతుంది. ఇంకాసేపు ఇలాగే వదిలేస్తే నిజంగానే పోతుంది. వదులు నా చెయ్యి!"

అతను వదల్లేదు. ఆమె రెండో చేత్తో మర తిప్పేసింది. ఐదు కాస్తా ఒకటికి వచ్చింది. "అమ్మా!" అని మింగ్-కున్ చెక్కల పక్కన కూలబడ్డాడు. మావయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"వదినా, దిండ్లు! వెల్లకిలా కాదు, కూర్చోబెట్టాలి. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి."

"పావ్-చు, ఫోన్ ముట్టుకున్నావంటే..." అన్నాడు మింగ్-కున్.

పావ్-చు దిండ్లు తెచ్చి అత్తగారి వీపుకి ఎత్తు పెట్టింది. అప్పుడు తిరిగి మొగుడి మొహంలోకి చూసింది. "అరవకండి. మూడేళ్ళుగా ఆవిడకి స్నానం చేయించింది నేను. నాకూ ఓ మాట ఉంటుంది." గబగబా ఫోన్ కలిపింది.

వేలి మిషను మీద అంకె జారడం మొదలైంది. తొంభై ఆరు. తొంభై నాలుగు.

"పడిపోతోంది! పడిపోతోందే!" మింగ్-కున్ పిల్లాడిలా ఏడ్చేశాడు.

"పడనీ. తొంభై దగ్గర నిలబడుతుంది. నిలబడకపోతే నేనున్నాను." పైకి అలా అంది గానీ ఆమెకీ భయమే. వార్డులో ఎందరికో చేసింది, వాళ్ళెవరూ అమ్మ కాదు. చెయ్యి దొప్పలా చేసి అమ్మ వీపు మీద తట్టుతూ, చెవిలో అరిచింది. "అమ్మా! జావ చల్లార్చడానికి ఊదుతావే, అలా ఊదు! పెదాలు సున్నాలా చుట్టి వదులు! వదలవే ముసలీ!"

సియు-చూ మూలిగింది. మళ్ళీ తట్టింది యుయె-చిన్. గొంతులో గురగురమంది, ఒక్క దగ్గుతో పచ్చటి కఫం ముద్ద వచ్చి పడింది. వదిన రుమాలు అడ్డుపెట్టింది. అంకె తొంభై ఒకటి దగ్గర ఆగింది. కనురెప్పలు బరువుగా కొంచెం విచ్చుకున్నాయి, మళ్ళీ మూసుకుపోయాయి.

సందు చివర అంబులెన్సు కూత వినిపించింది. మావయ్య వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నోట్లో గొట్టం పెట్టనివ్వను మావయ్యా. మొహానికి మాస్కు కడతారు, మిషను గాలి లోపలికి నెడుతుంది, చెడుగాలి బయటికి పోతుంది. దాంతో తేరుకోకపోతే నేనే, ఈ చేతుల్తోనే తిత్తి నొక్కుకుంటూ ఇదే హాల్లోకి తీసుకొస్తాను. మీకు మాటిస్తున్నాను. మీరు కాదన్నా ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్తాను, అది వేరే సంగతి."

ఆయన చెక్కల దగ్గరికి వచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. "వేడిగానే ఉంది" అని గొణిగి పక్కకి జరిగాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆసుపత్రిలో అమ్మకి మత్తు చాలావరకు దిగింది. గొట్టం అవసరం పడలేదు. వార్డు బయట బల్ల మీద అన్నాచెల్లెళ్ళు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

"నేనే చంపేసేవాణ్ణి కదే" అన్నాడు మింగ్-కున్ ఎటో చూస్తూ. "ప్రేమతోనే తిప్పాను చెల్లాయ్. ఒట్టు." మళ్ళీ తనే అన్నాడు, "కానీ నువ్వు కూడా... ఒకటే ఉంచు, ముట్టుకోకు అని పోయావు. ఎందుకో ఒక్కసారి చెప్పావా? నేనేమైనా నీ వార్డులో ఆయానా?"

ఆమె అతని వైపు తిరిగింది. నిజమే. పేషెంట్ల బంధువులకి ఓపిగ్గా చెప్పేది, అన్నయ్యకి మాత్రం హుకుం జారీ చేసి బస్సెక్కేది. అతని భుజం మీద తల ఆనించి బావురుమంది. అతను కూడా ఏడ్చాడు.

లోపలికి వెళ్ళేసరికి అమ్మ మాస్కు పక్కకి లాక్కుని, మంచం పక్కనున్న మావయ్యని నిలదీస్తోంది. ఎర్రగుడ్డ సంగతీ, చెక్కల సంగతీ పావ్-చు పూసగుచ్చినట్టు చెప్పేసింది మరి.

"నన్ను అడక్కుండానే చెక్కెక్కించేశార్రా?"

"నీ మాట కోసమే అమ్మా" అన్నాడు మింగ్-కున్, మంచం అంచున మోకరిల్లి. "ఇంట్లోనే పోతానని నువ్వే కదా అన్నావ్."

సియు-చూ కొడుకు జుట్టు పట్టి ఊపింది. పెదాలు చుట్టి ఊపిరి వదిలింది, మళ్ళీ తీసుకుంది.

"ఇంట్లో పోతానన్నాను గాడిదా. ఇప్పుడే పోతానన్లేదు."