ఎవరి చేతుల్లోనూ లేని విమానం

మా ఆయన భాస్కర్ రావు ఎముకల డాక్టరు. విరిగినదేది కనబడినా అతికించేదాకా ఆయనకి నిద్ర పట్టేది కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉద్యోగమంతా కాళ్లూ చేతులూ అతికిస్తూనే గడిపారు. రిటైరయ్యే ముందు, ఊరి బయట ఫ్లయింగ్ క్లబ్బు వాళ్లు ముక్కలుగా కొన్న పాత రెండు రెక్కల విమానం ఒకటి ఆయన కంట పడింది. ఇక ఇంటికి రావడమే తగ్గించేశారు. "నాకు సవతిని తెచ్చారు, అదీ నాకంటే ముసలిదాన్ని" అని దెప్పేదాన్ని.

ఆ సవతి వంశాన్ని మాత్రం, పప్పన్నం కలుపుకుంటూ, పెళ్లి సంబంధం చెప్పినట్టు చెప్పేవారు. అది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇక్కడే తయారైందట. కొత్త కుర్రాళ్లకి ఎగరడం నేర్పడమే దాని పని. ముందు సీట్లో గురువు, వెనక సీట్లో శిష్యుడు, తలల మీద కప్పు కూడా ఉండదు. యుద్ధమయ్యాక పొరుగు దేశం వాళ్లు తీసుకుపోయి వాళ్ల పిల్లలకి నేర్పించారు. తర్వాత ఇంజను లేని గ్లైడర్లని లాగింది, ప్రకటనల గుడ్డలు మోసింది, చివరికి ఎవరిదో కొట్టంలో కోళ్ల మధ్య పడి ఉంది. మధ్యలో రెండుసార్లు కూలింది కూడా. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. రెండుసార్లూ ఇంజను బాగానే ఉంది, ఆకాశం నిర్మలంగానే ఉంది. ఎందుకు పడిందో ఎవరికీ అంతు చిక్కలేదట.

"అలాంటిదాన్ని బాగుచేయడం ఎందుకండీ?" అన్నాను.

"పాత జబ్బులున్నాయని రోగిని వదిలేస్తామా శారదా?" అన్నారు.

మొన్న జూన్‌లో అది మూడోసారి పడింది. ముందు సీట్లో మా ఆయన, వెనక సీట్లో మా అమ్మాయి ఈషా. ఆయన అక్కడికక్కడే పోయారు. ఈషాకి కాలు విరిగింది. అతికించడానికి తండ్రి లేడు.

కాలు ఎవరో అతికించారు. పిల్ల మాత్రం నాకు తిరిగి రాలేదు. పెడితే తింటుంది, లేకపోతే లేదు. యూనివర్సిటీ మానేసింది. అడగ్గా అడగ్గా ఒకే ఒక్కసారి నోరు విప్పింది. "నేనే చంపానమ్మా నాన్నని."

ఆ విమానంలో ఒక పద్ధతి ఉంది. రెండు సీట్లకీ విమానాన్ని నడిపే స్టిక్కు చెరొకటి, రెంటినీ కలుపుతూ తీగలు. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. గాలి హోరులో మాట వినబడదు కాబట్టి, నడపడం తన చేతిలోకి తీసుకునే మనిషి స్టిక్కుని గట్టిగా ఊపాలి. వదిలే మనిషి రెండు చేతులూ పైకెత్తి చూపించాలి; వెనకవాళ్లు ముందువాళ్లకి చిన్న అద్దంలో కనబడతారు. పాతకాలం నుంచీ అదే ఆచారం. ఆ రోజు నడుపుతున్నది ఈషా. స్టిక్కు ఊగింది. నాన్న తీసుకున్నాడనుకుని చేతులు పైకెత్తింది. విమానం ముక్కు దించుకుని పోతున్నా మళ్లీ ముట్టుకోలేదు. గురువు తీసుకున్నాక శిష్యులు ముట్టుకోకూడదు మరి.

"పట్టుకుని ఉంటే నాన్న బతికేవాడు" అంటుంది. ఆ మాట దాని మనసులోంచి తీసేయలేకపోతే, ఆయన వెనకే అదీ పోతుందని నాకు భయం. రోజూ అదే భయం.

నవంబరులో క్లబ్బు నుంచి ధీరజ్ ఫోన్ చేశాడు. వరంగల్ అబ్బాయి, మా ఆయనతో కలిసి ఆ విమానం రెక్కలకి గుడ్డ తొడిగినవాడు. విచారణ అయిపోయిందట, శిథిలాలు తీసేస్తారట. నేను వద్దన్నాను. ఈషా మాత్రం కోటు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నమే చీకటి పడుతోంది. పొగమంచులో రన్‌వే గడ్డి కూడా కనబడలేదు. విమానాలుంచే హ్యాంగర్ నిండా పాత ఆయిలు వాసన, తడిసిన గుడ్డ వాసన.

"సోమవారం స్క్రాపోళ్లకు టైం ఇచ్చినం ఆంటీ, తీస్కపోతరు" అన్నాడు ధీరజ్. "అంకుల్ జాకెట్ ఆఫీసుల ఉంది, తెస్త. జర పైలం, రేకులు కోస్కుంటయ్."

అతను వెళ్లాడు. శిథిలాల్లో ముందు సీటు నుజ్జయిపోయి ఉంది. అటు చూడలేక నేను తల తిప్పుకున్నాను. వెనక సీటు మాత్రం చెక్కుచెదరలేదు. విచారణవాళ్లు తీగలన్నీ కోసేశారు, కొసలు కిందికి వేలాడుతున్నాయి.

ఈషా కుంటుకుంటూ వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.

"దిగు తల్లీ."

"నైన్, దిగనమ్మా. ఒక్క నిమిషం."

టక్... టక్... ఎక్కడో చిన్న చప్పుడు. చినుకులనుకున్నాను.

చినుకులు కావు. దాని మోకాళ్ల మధ్య స్టిక్కు ఊగుతోంది. దాని చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"చూశావా?" అంది గుసగుసగా. "ఆ రోజూ ఇలాగే."

వంగి కిందికి చూశాను, తీగలు తెగే ఉన్నాయి.

"నీకొకటి చెప్పలేదమ్మా. నేను చేతులెత్తి ముందుకి చూస్తే... నాన్న చేతులు కూడా పైనే ఉన్నాయి. అద్దంలో నన్ను చూసి నవ్వాడు. నేను తీసుకున్నాననుకున్నాడు."

"నువ్వు ఊపావా?"

"లేదు."

ఆ క్షణం నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. నా బిడ్డ తప్పేం లేదు. ఆ మాటే చెప్పబోయాను. అంతలో తట్టింది. ఆయనా ఊపలేదు, ఇదీ ఊపలేదు. మరి...

టక్. టక్. టక్.

"ఈసారి వదలను" అంటూ ఈషా స్టిక్కు పట్టుకుంది.

చప్పుడు ఆగింది. ఆకు కూడా కదలని పొగమంచు రోజు. అయినా దాని జుట్టు వెనక్కి ఎగరడం మొదలుపెట్టింది. కళ్లు చికిలించింది. బుగ్గలు అదిరాయి. పిలిచాను... వినబడలేదు. భుజాలు పట్టి లాగాను... రాలేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీయబోయాను. మంచుముద్దల్లా ఉన్నాయి. "ధీరజ్!" అని అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు.

ఉన్నట్టుండి దాని వేళ్లు వదులయ్యాయి. నా మీద పడిపోయి, ఆయన పోయాక మొదటిసారి, వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాన్న కనబడ్డాడా?" అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"ముందే కూర్చున్నాడమ్మా. ఇంకా చేతులు ఎత్తుకునే ఉన్నాడు. నొప్పెడుతున్నాయి, దించొచ్చా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"దించు నాన్నా, నేను పట్టుకున్నాను అన్నా." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అది నీ చేతుల్లోనూ లేదు తల్లీ, అన్నాడు."

దాన్ని గుండెలకి హత్తుకుని కూర్చున్నాను. ఆయన చేతులే నా కళ్ల ముందు. ఎవరి ఎముకలో అతికించిన చేతులు, దించుకునే వీల్లేకుండా.

ధీరజ్ జాకెట్‌తో వచ్చి లైటు వేశాడు. ఈషా మొహం చూసి ఆగిపోయాడు. నుదుటి మీదా, బుగ్గల మీదా, కోటు మీదా సన్నసన్నటి నల్ల చుక్కలు. చీరకొంగుతో తుడిచాను. పురుగులు.

"ఎండకాలం ఎగిరొస్తె మొకమంత గిట్లనే అంటుకుంటయ్ ఆంటీ" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు... యాడికెల్లి వచ్చినయ్?"

నా కొంగు మీద వాటిలో ఒకటి ఇంకా కాళ్లు ఆడిస్తోంది.