ఎక్స్‌రే వద్దన్న పిల్ల

"గాలి పీల్చి బిగబట్టండి" అనడం తప్ప అమ్మాయిలతో మాట్లాడటం చేతకాని ఎక్స్‌రే టెక్నీషియన్‌ని నేను. ఆ రోజు దగ్గుతూ వచ్చిన అమ్మాయి గాలి బిగబట్టడం అటుంచి, మెషిన్ ముందు నిలబడనే లేదు.

"కొత్త డాక్టరు నా ఫైలు చూడకుండా రాసేశారు. నాకు రేడియేషన్ పడదు," అంది.

"అందరూ ఇలాగే భయపడతారండీ."

"అందరిలో డీఎన్ఏ తెగితే అతికే మేస్త్రీ ఉంటాడు. నాలో వాడు పని దొంగ. రోగాల్ని తట్టుకునే కణాలు తయారవ్వాలన్నా వాడే ముక్కలు అతకాలి. అందుకే కనబడిన జలుబల్లా నాకు చుట్టమే. మీ కిరణాలు తెంపితే నాలో అతికేవాడు లేడు."

డాక్టరుకి ఫోన్ చేస్తే, ఫైలు చూసి నిజమేనన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రేడియేషన్ లేని స్కానింగ్ గదికి నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను.

తర్వాత ఆమె నెలనెలా, రోగాలతో పోరాడే యాంటీబాడీల సెలైన్‌కి వచ్చేది. అది ఎక్కుతున్నంతసేపూ మా కబుర్లకి అంతుండేది కాదు.

ఒకరోజు వాళ్ళమ్మ వరండాలో ఆపింది. "బాబూ, పొద్దస్తమానం ఆ కిరణాల్లోనే ఉంటావు. మా పిల్లకి కాస్త దూరంగా ఉండు."

మెషిన్ ఆపితే కిరణాలూ ఆగిపోతాయని పరీక్షలో రాసి పాసైనవాణ్ణి. అయినా పాడు మనసు వినదే. ఆ నెల గుమ్మంలోనే నిలబడి పలకరించాను. పై నెలా అంతే.

"నా జబ్బుకి జడిశారు కదూ. చెప్పేస్తే ఏడ్చి ఊరుకునేదాన్ని," అంది ఆమె. కళ్ళలో నీళ్ళు.

"జబ్బుకి కాదండీ, నా ఉద్యోగానికి. స్నానం చేసి, చొక్కా మార్చుకుని వచ్చినా మీ దగ్గరికి రావడానికి ధైర్యం చాలడం లేదు."

"కిరణాలు చొక్కాకి అంటుకుంటాయా? మీకు ఉద్యోగం ఎవరిచ్చారండీ?"

మంచం పక్కనే కూర్చున్న వాళ్ళమ్మ తల దించుకుంది. "దూరంగా ఉండమన్నది నేనేలే."

ఆమె నవ్వింది, అంతలోనే ఆగింది. "నాతో బతుకంటే ఎప్పటికీ ఈ సూదులే. ఎవరు తుమ్మినా గుండె దడే. ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చాను. మీరంటే నాకు ప్రాణం."

సూది లేని చెయ్యి ఆమె నా వైపు చాపింది. అందుకోబోతుంటే వాళ్ళమ్మ అడ్డం వచ్చింది.

"ముందు చేతులు కడుక్కుని రా అల్లుడూ, తర్వాత పట్టుకుందువుగాని."