పిలుపుబావిలో సెలయేరు

తనకల్లు ఊరు దాటి గుట్టల్లోకి పోయే దావలో ఒక దిగుడు బావి ఉండాది. దాని పేరు పిలుపుబావి. పగలు దాని సంగతి అడిగితే మా తట్టు జనం నవ్వుతారు. పొద్దు మునిగినాక అడిగితే మాట మార్చేస్తారు.

నీళ్ళున్నన్నాళ్ళూ ఆ బావికి ఏ చెడ్డ పేరూ లేదు. పిలకాయలు పైనుంచి ఎగిరి దూకేవాళ్ళు, ఆడోళ్ళు గుడ్డలు ఉతికేవాళ్ళు, ఎద్దులకు నీళ్ళూ ఆడనే. ఎప్పుడైతే అడుగు కనపడిందో... అప్పుడొచ్చింది దెయ్యం. నీళ్ళు పోయిన చోటు ఊరికే ఉంటాదా అప్పా? ఏదో ఒకటి వచ్చి చేరతాది.

ఈ మధ్య అది మరీ ముదిరింది. రాత్రిపూట ఆ పక్క పోతే లోపల్నుంచి ఆడమనిషి గొంతు — "దిగండి... దిగండి..." అని. గొర్లు కాసే తిప్పయ్య ఒకసారి ఇని జొరమొచ్చి పడుకున్నాడు. లేచినాక "ఏమిన్యావురా?" అంటే, "ఏమీ ఇన్లా" అని చెవులు రెండూ మూసుకుంటాడు.

అట్లాంటి దావన పోయినాడు తిప్పేష్.

తిప్పేష్ అంటే బయ్యన్న తమ్ముడు. అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క చేన్లు, మధ్యలో ఒక గట్టు. ఇద్దరివీ చీనీ తోటలే — కోస్తావాళ్ళు బత్తాయి అంటారే, అదే. ఒకే ఏడు నాటినారు, ఒకే లారీలో వచ్చిన మొక్కలు. అంతా బాగుండాది అనుకునేలోపల బయ్యన్న గట్టుకు ఆనుకోని కొత్త బోరు ఏసినాడు. అది పాతాళానికి పోయింది. తమ్ముని బోరు కొన్నాళ్ళు దగ్గింది, గాలి కక్కింది, ఆగిపోయింది.

తిప్పేష్ పోయి అడిగినాడు. "అన్నా, ఒక్క తడి ఇయ్యి. చెట్లు పోతాండాయి."

"నాకే లేవు" అన్నాడు బయ్యన్న. అనేటప్పుడే ఆయన కాళ్ళ దగ్గర డ్రిప్పు పైపులోనుంచి నీళ్ళు చుక్కచుక్కా పడతాండాయి.

ఆ ఒక్క మాట తిప్పేష్ కడుపులో నిప్పుకణం మాదిరి కూర్చుంది. ఎండాకాలమంతా ఆరలా.

ఎండిన చెట్లను ఏం చేస్తాం? నరుక్కోవాల. పిల్లోల్ల మాదిరి సాకిన చెట్లను ఆ దినం తెల్లారినప్పట్నుంచి మాపటిదాకా తన చేత్తోనే నరికినాడు. ఒక్కొక్క ఏటుకూ దవడ బిగించి పటపటా పండ్లు కొరికినాడు. గట్టవతల అన్న చెట్లేమో పచ్చగా, కాయల బరువుకు వంగి, గాలికి ఊగతా... తనను చూసి నవ్వుతాండాయి అనిపించింది.

మాపు సంగటిముద్ద ముట్టలా. గొడ్డలి తీసుకోని లేచినాడు.

"యాడికయ్యా ఈ యాలప్పుడు?" అన్నాది పెండ్లాము వనజాక్షి.

"కట్టెలకు."

"కట్టెలకా... కక్షకా?"

వాడు చెప్పుల్లో కాళ్ళు పెట్టినాడు.

"ఇను. చీనీ చెట్టు నరికినోన్ని ఈ సీమలో ఎవురూ మనిషని అనరు. రేపు పోలీసోళ్ళొచ్చి నిన్ను పట్టుకోని పోతే నేనూ బిడ్డా ఎవరి గడప తొక్కాల?"

"నా చెట్లు సచ్చినప్పుడు ఏ పోలీసోడొచ్చినాడే?" అని తలుపు దడాలున ఏసి పోయినాడు.

ఆయమ్మ చెప్పింది నిజమే. మా పక్క మనిషిని కొట్టినా నలుగురు కూర్చోని రాజీ చేస్తారు. కాయ కాచే చెట్టును నరికితే మనమల కాలం దాకా రాజీ లేదు. అది తిప్పేషుకు తెలుసు. తెలిసే పోతాండాడు. కోపమంటే అదే గదా.

అన్న తోటకు దావలు రెండు. ఊరి మీదుగా పోతే కుక్కలు లేస్తాయి. ఇంకోటి పిలుపుబావి దావ. పుట్టి బుద్ధెరిగినాక రాత్రిపూట ఆ దావ తొక్కడం వానికి అదే మొదలు.

వెన్నెల లేదు. దూరంగా గుట్టమీద గాలిమర ఎర్రదీపం ఆరతా ఎలగతా ఉండాది. రెండు పక్కలా కంప. చెప్పుల కింద గులకరాళ్ళు కరకర... కరకర... వాడు అన్నను తిట్టుకుంటా నడుస్తాండాడు, ఒకసారి తిట్టిన తిట్టు మళ్ళా తిట్టకుండా.

బావి దగ్గరికొచ్చినాడు.

"దిగండి..."

కాలు ఆగిపోయింది.

"మెల్లగా... ఇంకొక మెట్టు దిగండి..."

ఆడగొంతు. తేనె పూసినట్ల మెత్తగా. బావి లోపల్నుంచే.

తిప్పేష్ మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడినాయి. ఆంజనేయస్వామి పేరు తలుచుకుందామంటే నోటికి తిట్లు తప్ప ఇంకేమీ రావు. అప్పటిదాకా అన్నను తిట్టిన నోరు గదా!

"చాలా కాలంగా మీరు ఒక బరువు మోస్తున్నారు... దాన్ని ఇక్కడ కింద పెట్టండి..."

గొడ్డలి పిడి మీద పిడికిలి బిగుసుకుంది. దీనికెట్ల తెలుసు... నా చేతిలో ఏముండాదో దీనికెట్ల తెలుసు?

ఆ భయంలో కూడా వానికొక అనుమానం. మన ఊరి దెయ్యం మన ఊరి మాట మాట్లాడాల గదా! ఇదేంది, టీవీలో వార్తలు చదివే ఆయమ్మ మాదిరి అండి, అండి అంటాది? మన పిల్లోల్లు పనుల్లేక బెంగుళూరికి పోతాంటే, పక్క ఊర్ల దెయ్యాలు ఈడికి వలస వస్తాండాయా?

"వినండి... మీ పాదాల దగ్గర... చల్లని సెలయేరు ఒకటి గలగలా పారుతోంది..."

అంతే.

అంతవరకూ వణికిన మనిషి, సెలయేరు అనే మాట చెవిలో పడేసరికి భగ్గుమన్నాడు.

సెలయేరంట! పొద్దున్నుంచి ఎండుచెట్లు నరికి అరచేతులు బొబ్బలెక్కినోని ముందర సెలయేరంట! వంకలో ఇసక తప్ప ఏముండాది? ఈ బావిలో కప్ప తాగను చుక్క లేదు! చంపితే చంపనీ, పట్టుకుంటే పట్టుకోనీ. నీళ్ళ మీద అబద్ధం చెప్పేదాన్ని మాత్రం ఊరికే ఇడిచేది లేదు!

"యాడుందే సెలయేరు?" అని పండ్ల సందులోనుంచి అన్నాడు. "చూపియ్యే... యాడుందో చూపియ్!"

దడదడా మెట్లు దిగినాడు.

కింద... నీలం వెలుతురు. దాని పక్కన నల్ల కంబళి కప్పుకున్న ఆకారం. కదలదు. కండ్లు మూసుకోని ఉండాది.

"ఇప్పుడు మీకు ఎదురుగా ఒక మనిషి వస్తున్నారు..." అన్నాది గొంతు. "భయపడకండి. ఆ వచ్చేది... మారిపోయిన మీరే."

ఆకారం కండ్లు తెరిచింది. ఎదురుగా గొడ్డలి.

"అమ్మోవ్!"

ఇద్దరూ ఒకటేసారి అరిచినారు. గొడ్డలి చేతిలోనుంచి జారి, రాతిమీద ఖణేలుమని, ఎండిన బురద నెర్రెలో పోయి ఇరుక్కుంది.

కంబళిలో ఉన్నది బయ్యన్న! పక్కన రాతిమీద సెల్లుఫోను. గొంతు దాంట్లోది.

"ఏం చేస్తాండావు ఈడ?" అన్నాడు తిప్పేష్.

"అడిగేదానికి నువ్వెవుడ్రా?" బయ్యన్న రొప్పుతాండాడు. "నాకు బీపీ. కోపం ఇడిస్తే గానీ గుండె నిలబడదని డాక్టరమ్మ చెప్పింది. దినామూ ఇది ఇనాలంట. కండ్లు మూసుకోని, మెట్లు దిగినట్ల, కోపమంతా ఇడిచినట్ల, రేపు నేను ఎట్లాంటి మనిషి కావాలో ఆ మనిషి ఎదురొచ్చినట్ల అనుకోవాలంట. ఇంట్లో పెట్టుకుంటే మీ వదిన పడీపడీ నవ్వుతాది. ఈడికైతే ఏ నాకొడుకూ రాడు గదా అని!"

ఇదీ పిలుపుబావి దెయ్యం! తిప్పయ్య జొరమంతా బయ్యన్న బీపీ!

తిప్పేషుకు మాత్రం నవ్వు రాలా. "తమ్ముని తోట ఎండబెట్టి, బావిలో కూర్చోని కోపం ఇడుస్తాండావా? నీళ్ళు ఇడిచే చెయ్యి లేదు గానీ కోపం ఇడుస్తాడంట కోపం!"

"రేయ్, నోరు అదుపులో పెట్టుకో."

"పెట్టుకోను! ఇన్ని దినాలు ఇన్యావు గదా, ఏం మారినావు చెప్పు?"

"యాడ మారనిస్తావురా నువ్వు?" బయ్యన్న లేచి నిలబడినాడు. కంబళి జారిపోయింది. "నేను కండ్లు మూసుకునేది, నువ్వొచ్చి పై మెట్టు మీద కూర్చునేది! దినామూ! ఒళ్ళో గొడ్డలి పెట్టుకోని నా పక్కే చూస్తా! నేను చూడలేదు అనుకుంటాండావేమో... ఓరకంట చూస్తానే ఉండా. ఈ పొద్దన్నా దిగొస్తాడేమో, ఒక మాట అడుగుతాడేమో అని నేనుంటే, పలుకూ లేదు, ఉలుకూ లేదు. ఈ పొద్దెట్లొచ్చింది నీకు నోరు?"

తిప్పేష్ ఒక అడుగు ఎనక్కి ఏసినాడు.

"అన్నా..."

"ఏమిరా?"

"నేను... రాత్రిపూట ఈడికి రావడం... ఇదే మొదలు."

బయ్యన్న తమ్ముని మొగంలోకి చూసినాడు. అబద్ధం లేదు ఆ మొగంలో.

"ఇప్పుడు... మెల్లగా... కళ్ళు తెరవండి" అన్నాది ఫోను. ఆగిపోయింది.

ఇద్దరూ నిదానంగా తలకాయ ఎత్తి పై మెట్టు పక్క చూసినారు.

ఎవురూ లేరు. రాయి. రాయి పైన ఆకాశంలో చుక్కలు.

అప్పుడు ఇనపడింది.

టక్...

అన్న తోట పక్కనుంచి.

టక్...

ఎండుకట్టె చప్పుడు వేరే, పచ్చిచెట్టు చప్పుడు వేరే. ఇది పచ్చిచెట్టు. ఏటు ఏసేది, రవ్వంత ఆగేది, మళ్ళా ఏసేది... ఆ ఆగడం తిప్పేషుకు తెలుసు. పటపటా పండ్లు కొరికేదానికి ఆగే ఆగడం అది. పొద్దున్నుంచి తను నరికింది అచ్చం అట్లనే.

వాని గొడ్డలి వాని కాళ్ళ దగ్గర నెర్రెలో ఇరుక్కోనే ఉండాది.

బయ్యన్న గుండె పట్టుకోని ఆడనే కూలబడినాడు. తిప్పేష్ మాత్రం మెట్లు ఎగబాకినాడు. ఒట్టి చేతులతో. కంపలో పడి, లేచి, చెప్పులు యాడ పోయినాయో చూసుకోకుండా, గొంతు చినిగేట్ల అరుస్తా తోట పక్క ఉరికినాడు —

"రేయ్! ఎవుడ్రా అది? మా చెట్ల మీద చెయ్యేసినావంటే ప్రాణం తీస్తా నాకొడకా!"

తోటలో చప్పుడు... ఆగింది.